దండకు మూడో ఆదివారం

కిందటివారం హెస్టర్‌ని చర్చిలో నోట మాట రాకుండా నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. అలా వదిలేయడం మర్యాద కాదని తెలుసు. కానీ ఆ మాట విన్నాక ఊపిరి తీసుకోవడానికి ఆమెకి కాస్త వ్యవధి కావాలి, మనకీ కావాలి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కోల్డ్ యారో ఊరికి ఈ ఏడాది ఆఖరి యాత్రల బస్సు ఆ శనివారం మధ్యాహ్నం వచ్చింది. తండ్రి పోయినప్పటినుంచీ చర్చి తాళంచెవి హెస్టర్ ప్యాడ్‌మోర్ దగ్గరే ఉంటోంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు, ఒకరి చేత మాట పడలేదు, ఆదివారం ఆరాధన మానలేదు. వచ్చినవాళ్ళకి ఊరు చూపించేదీ ఆమే. ఆ రోజూ చూపించింది. ఊరికన్నా ముందే మొలిచిందని చెప్పుకునే యూ చెట్టు, తాగి తన్నుకున్నవాళ్ళ కాళ్ళు బిగించి వానలో కూర్చోబెట్టిన బొండకొయ్య, గుట్టలమీది గొర్రెల్ని తోలుకొచ్చి కడిగే రేవు, ఇవన్నీ అయ్యాక చర్చిలోకి తీసుకొచ్చింది. ఎవరొచ్చినా అసలు వచ్చేది అందుకే. చర్చి పైదూలానికి వేలాడే కన్యల దండలు చూడ్డానికి.

ఈ ఊళ్ళో పుట్టి, పెళ్ళి లేకుండా, మచ్చ లేకుండా, ఈ ఊళ్ళోనే కన్నుమూసిన ఆడమనిషి శవపేటిక ముందు ఒక దండ మోసుకొస్తారు. హేజెల్ చెట్టు బెత్తాలు వంచి కట్టిన గుండ్రటి చట్రం, దానికి తెల్లకాగితం పువ్వులు, కింద తెల్లకాగితపు చేతితొడుగులు. పాతిపెట్టడం అయ్యాక దాన్ని తలుపుకి ఎదురుగా, అందరి కళ్ళకీ ఆనేలా కిందికి వేలాడదీస్తారు. మూడు ఆదివారాలు అక్కడే ఉంటుంది. పోయిన మనిషి నడతమీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మూడు ఆదివారాల్లోనే లేచి చెప్పాలి. చెబితే దండ దిగిపోతుంది. ఎవరూ లేవకపోతే పైదూలానికి ఎక్కుతుంది. ఇక అది దుమ్ము పట్టి దానంతటది రాలిపోయేదాకా ఎవరూ ముట్టుకోరు.

ఇప్పుడు కింద వేలాడుతున్నది హెస్టర్ చెల్లెలు ఏవిస్ దండ. రెండు ఆదివారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. రేపు మూడోది.

యాత్రికులంతా వానకి జడిసి మిసెస్ స్ట్రడ్విక్ టీ కొట్టుకి పరిగెత్తారు. ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. ముప్పై దాటిన మనిషి, గోధుమరంగు కోటు, నానిపోయిన టోపీ. ఏవిస్ దండ కిందే నిలబడి, దానికి కట్టిన పేరు పలక చదివి, హెస్టర్ వైపు తిరిగి అంది.

"ఈవిడ మా అమ్మ."

అక్కడే కదూ ఆగాం.

హెస్టర్ తిన్నగా వెళ్ళి చర్చి తలుపు మూసింది. వాన మోత కాస్త తగ్గింది. ఆ తర్వాత, యాత్రికులు తెలివితక్కువ ప్రశ్న వేసినప్పుడు పెట్టే మర్యాదైన గొంతే పెట్టి అడిగింది.

"మీరు పొరపాటు పడ్డట్టున్నారు. ఏ ఊరమ్మా మీది?"

"లీడ్స్. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. పేరు థెల్మా గార్సైడ్. గార్సైడ్ నన్ను పెంచినవాళ్ళ ఇంటిపేరు లెండి." ఆమె టోపీ తీసి నీళ్ళు విదిలించింది. "పొరపాటేం కాదు. నేను పుట్టింది పెళ్ళికాని తల్లుల హోములో. అక్కడ మేట్రన్ ఉండేది, మిసెస్ ఓల్డ్‌రాయిడ్ అని. పెద్ద గయ్యాళి. అడిగినప్పుడల్లా నోరు మూసుకోమనేది. ఈ వేసవిలో మంచాన పడి, నన్ను పిలిపించి, తనంతట తనే చెప్పింది. 'మీ అమ్మ కోల్డ్ యారో ఊరి మిస్ ప్యాడ్‌మోర్. అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. ఒకామె మంచం మీద, ఒకామె పక్కన స్టూలు మీద. ఆ స్టూలు మీది పిల్ల రెండు రాత్రులు చెయ్యి వదల్లేదు' అని. సెలవు దొరకాలి కదండీ. దొరికేసరికి ఈ బస్సు. బస్సు దిగి చూస్తే ఇదిగో, ఇలా వేలాడుతోంది."

ఆమె ఏడవలేదు. ఏడిచేవాళ్ళ కన్నా అలా ఏడవనివాళ్ళని చూడ్డమే కష్టం.

హెస్టర్ పక్కనున్న బల్లమీద కూర్చుంది. మిసెస్ ఓల్డ్‌రాయిడ్ చెప్పిందాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. మంచమూ నిజమే, స్టూలూ నిజమే. మంచం మీద పడుకున్నది ఏవిస్ కాదు, అంతే తేడా.

మంచం మీద పడుకున్నది హెస్టర్.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఊరి బడికి ఒక మాస్టారు వచ్చాడు. ఏడాది ఉన్నాడు, పాటలు నేర్పాడు, ఉత్తరం రాస్తానని వెళ్ళి రాయలేదు. అతని గురించి అంతకన్నా చెప్పుకోవడం దండగ. ఆ చలికాలం అక్కాచెల్లెళ్ళిద్దరూ జబ్బుపడిన మేనత్తకి సాయమని ఉత్తరాదికి వెళ్ళారు. మేనత్త ఉన్నమాట నిజమే గానీ, ఆవిడకి జలుబైనా లేదు. వసంతంలో ఇద్దరూ తిరిగొచ్చారు. ఊరు గుడ్డిది కాదు కదా, ఏదో జరిగిందని పసిగట్టింది. ఎవరికి జరిగిందన్న దగ్గర మాత్రం క్షణం కూడా ఆలోచించలేదు. హెస్టర్ మెడదాకా బొత్తాలు పెట్టుకునే మనిషి, చర్చి వార్డెన్ పెద్దకూతురు. ఏవిస్ పకపకా నవ్వే మనిషి, సైనికులతో డాన్సు చేసిన మనిషి. ఇక చెప్పేదేముంది?

ఏవిస్ చెప్పనూ లేదు. ఎవరూ మొహంమీద అడగలేదు కాబట్టి కాదనే అవకాశమూ రాలేదు. ఒకసారి మాత్రం, జీనులు కుట్టే టాబర్ కొడుకు ఆమెని చేసుకుంటానని వచ్చి, వాళ్ళమ్మ ఏదో అన్నాక రావడం మానేశాడు. ఆ రాత్రి హెస్టర్, "రేపు వెళ్ళి వాళ్ళమ్మకి నిజం చెప్పేస్తానే" అంది. "చెప్పి ఏం చేస్తావే అక్కా? నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఉండనీ" అంది ఏవిస్, నవ్వుతూనే. హెస్టర్ ఉండనిచ్చింది. ఆ ఉండనివ్వడంలోనే తండ్రి పోయాడు, టాబర్ కొడుక్కి పిల్లలు పుట్టారు, ఏవిస్ నవ్వు తగ్గిపోయింది, జుట్టు నెరిసింది, గుండెలో నీరు చేరింది. పోయే ముందు ఆమె అడిగింది ఒక్కటే. "నా దండ ఎవరూ దించకుండా చూడవే, అక్కా. ఊళ్ళో వాళ్ళు ఏమనుకున్నా, లేచి అనడానికి ఎవరికీ దమ్ము లేదని చూపించు."

ఎవరికీ లేకపోయింది. మిసెస్ స్ట్రడ్విక్ కూడా రెండు ఆదివారాలూ కళ్ళు నేలకేసి కూర్చుంది. వెనకాల గొణుక్కోవడం వేరు, దండకింద లేచి నిలబడటం వేరు.

"రేపు ఏమవుతుంది దీనికి?" అంది థెల్మా, దండ కేసి చూస్తూ. "ఇందాక అందరికీ చెప్పారు గానీ, నాకు సగం వినబడలేదు."

"రేపు పాస్టరుగారు అడుగుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఎవరూ లేవకపోతే పైకి ఎక్కిస్తారు."

"లేస్తే?"

"దించేస్తారు."

"దించి ఏం చేస్తారు?"

ఇది ఇన్నేళ్ళలో ఏ యాత్రికుడూ అడగని ప్రశ్న. "సొంతవాళ్ళుంటే వాళ్ళకి ఇస్తారు. వాళ్ళు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టుకుంటారు. అలా జరిగి వందేళ్ళ పైనే అయింది."

"అయితే నేను లేస్తాను" అంది థెల్మా.

"వద్దు!"

ఆ కేక హెస్టర్‌ది. చర్చిలో ఆమె గొంతు అంత పెద్దగా మోగడం ఆమెకే కొత్త. థెల్మా కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"ఏం, ఎందుకొద్దు? బిడ్డని కంటే మచ్చా? నేను మచ్చనా? ఇన్నాళ్ళూ హోములో ఆ మాట విన్నాను, గార్సైడ్ వాళ్ళింట్లో కోపమొచ్చినప్పుడల్లా విన్నాను. ఇంకోసారి వినను. రేపు లేచి, అందరి ముందూ, ఈవిడ మా అమ్మ అని చెబుతాను. దించుకోనీ! దించి నాకివ్వనీ! పొయ్యిలో పెట్టను, నా గదిలో మంచం పైన కట్టుకుంటాను. ఆవిడది నా దగ్గర ఒక గుండీ కూడా లేదండీ. ఇంతమంది ఇన్ని సంగతులు చూసి వెళ్ళే ఊళ్ళో, నాకంటూ ఈ కాగితాలైనా ఉండకూడదా?"

"ఆమెకి ఆ దండ పైకెక్కాలని ఉండేది" అంది హెస్టర్. ఈసారి గొంతు చర్చికి తగ్గట్టే ఉంది. "ఎంత ఉండేదో మీకు తెలీదు."

"మీకెలా తెలుసు?"

"నేను ఆమె అక్కని."

థెల్మా మొహంలో కోపం అలాగే కాసేపు నిలబడి, తర్వాత మెల్లగా కరిగింది. ఆమె వచ్చి హెస్టర్ పక్కనే బల్లమీద కూలబడింది. తడి కోటు వాసన వేసింది. "మీరా!" అంది. "ముందే చెప్పరేం? ఊరంతా తిప్పారు, గొర్రెల సంగతి చెప్పారు, ఆ కొయ్యలో ఎవరెవరు కూర్చున్నారో చెప్పారు, ఈ ఒక్క ముక్కా దాచుకున్నారా?" నవ్వబోయింది, కుదర్లేదు. ఉన్నట్టుండి హెస్టర్ మొహంలోకి పరీక్షగా చూసింది. "అంటే మీరూ మిస్ ప్యాడ్‌మోరే అన్నమాట."

వాన చినుకులు కిటికీ అద్దాలమీద కొడుతున్నాయి. హెస్టర్ చూపు అటు తిప్పుకుంది.

"ఒక్క క్షణం భలే ఆలోచన వచ్చిందిలెండి" అంది థెల్మా, తల విదిలించి. "వదిలేయండి. మీరే అయితే ఇంతసేపు నన్నిలా మాట్లాడనిస్తారా? రాయి కూడా ఊరుకోదు." అని హెస్టర్ చెయ్యి తీసుకుని రెండు చేతులమధ్యా పెట్టుకుంది. "రెండు రాత్రులు మా అమ్మ చెయ్యి వదల్లేదట మీరు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆ స్టూలు మీది మనిషి కనిపిస్తే దండం పెట్టాలనుకున్నాను. చాలా మేలు చేశారు, పెద్దమ్మా."

ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి ఇంతకన్నా మంచి క్షణం లేదు. చర్చి ఖాళీ. పక్కన కూతురు. చెయ్యి చేతిలో ఉంది. హెస్టర్ నోరు తెరిచింది కూడా. కానీ ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాటని మింగడం అలవాటైన గొంతుకి దాన్ని బయటికి తేవడం చేతకాదు. ఆమె పిరికిది. ఆ సంగతి మనం దాచిపెట్టి ప్రయోజనం లేదు.

"లేవకమ్మా రేపు" అని మాత్రం అంది. "నీకు దణ్ణం పెడతాను."

థెల్మా చెయ్యి వదిలేసింది.

తలుపు తోసుకుని మిసెస్ స్ట్రడ్విక్ లోపలికి వచ్చింది, గొడుగుతో, ఎనభయ్యో పడిలో కూడా ఊరందరికన్నా ముందుండే ముక్కుతో. "మిస్ ప్యాడ్‌మోర్! బస్సువాడు హారన్ కొట్టి కొట్టి నా పిల్లిని చంపేసేట్టున్నాడు. ఒక తల తక్కువైందట. ఈవిడేనా? రామ్మా తల్లీ, స్వర్గానికి వెళ్ళే దారి ఇక్కణ్ణించే గానీ, లీడ్స్‌కి మాత్రం బస్సే ఎక్కాలి." దండ కింద ఇద్దర్నీ ఒకసారి చూసింది. "మిస్ ఏవిస్ దండ చూస్తున్నారా? బాగా కుదిరిందిలెండి. పువ్వులు కాస్త ఎక్కువయ్యాయి."

"బస్సు వెళ్ళిపోనివ్వండి" అంది థెల్మా లేచి. "నేను రేపు ఉంటున్నాను. ఇక్కడ పడుకోవడానికి చోటు దొరుకుతుందా?"

"ల్యాంబ్ సత్రంలో గది ఇస్తారు. పరుపు మాత్రం రాజుగారు కూడా మెచ్చేది కాదు. ఏం, ఆరాధనకి ఉంటావా?"

"ఉంటాను" అంది థెల్మా, హెస్టర్‌ని చూడకుండా.

ఆ సాయంత్రం హెస్టర్ కెటిల్ పొయ్యిమీద పెట్టి, దించడం మరిచిపోయి, నీళ్ళన్నీ ఆవిరైపోయాక చూసింది. ఏవిస్ కుర్చీ పొయ్యికి అటువైపు ఉంది. ఇద్దరూ ఆ కుర్చీల్లో కూర్చునే బతికేశారు. కిందటి నెల దాకా ఆ కుర్చీలోంచి దగ్గు వినిపించేది. ఇప్పుడు ఏమీ వినిపించడం లేదు. ల్యాంబ్‌కి వెళ్ళాలని రెండుసార్లు కోటు తొడుక్కుంది, రెండుసార్లూ విప్పి కొక్కేనికి తగిలించింది. వెళ్ళి ఏమని చెప్పాలి? 'మధ్యాహ్నం రాయినే, ఇప్పుడు అమ్మనయ్యాను' అని చెప్పాలా?

తెల్లవారింది. వాన ఆగలేదు. గుట్టలు కనిపించకుండా మబ్బు ఊరిమీదికి దిగిపోయింది.

చర్చి నిండింది. ఊళ్ళో అందరూ ఏవిస్ మీద ప్రేమతో వచ్చారని మీరనుకుంటే మీరు మంచివాళ్ళు. మూడో ఆదివారం కదా, ఏమైనా జరగొచ్చని వచ్చారు, జరగదనీ తెలుసు. వాకిట్లో కనిపించిన ప్రతివాళ్ళూ, "ధైర్యంగా ఉండండి, మిస్ ప్యాడ్‌మోర్" అన్నారు. "మిస్ ఏవిస్ దండ ఇవాళ పైకెక్కుతుంది. తర్వాత ఎప్పుడో, దేవుడి దయవల్ల చాలా ఏళ్ళకి, దాని పక్కనే మీది" అన్నాడు వార్డెన్ కోబెట్, ఓదార్పు అనుకుని. హెస్టర్ తల ఊపి లోపలికి వెళ్ళి, ఎప్పుడూ కూర్చునే ముందు బల్లమీద కూర్చుంది. థెల్మా చివరి బల్లలో ఉంది. పలకరించలేదు.

పాస్టరుగారు రెవరెండ్ ఎల్విన్, పట్నంనుంచి నిరుడే వచ్చిన కుర్రాడు. ఈ ఆచారం ఆయనకి మొదటినుంచీ ఇబ్బందే, కానీ ఊరితో పేచీ పెట్టుకునే రకం కాదు. రెండో కీర్తన అయ్యాక దండకిందికి వచ్చి, గొంతు సవరించుకుని, కార్డుమీద రాసుకున్నది చదివాడు. "ఏవిస్ ప్యాడ్‌మోర్ ఈ దండకి తగిన మనిషి కాదని చెప్పేవారు ఎవరైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. ఆ తర్వాత ఎన్నడూ చెప్పకండి."

చదివి కార్డు జేబులో పెట్టుకోబోయాడు.

"నేను చెబుతాను" అంది థెల్మా.

బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. థెల్మా నడిచి వచ్చి దండకింద నిలబడింది. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "తగిన మనిషి కాదని చెప్పడానికి రాలేదు. నాకు తెలిసినంతలో చాలా మంచి మనిషి. కానీ మీ లెక్క ప్రకారం దండ ఉండకూడదట, ఎందుకంటే నేనున్నాను. నేను లీడ్స్‌లో, పెళ్ళికాని తల్లుల హోములో పుట్టాను. మీ అమ్మ ఎవరంటే, కోల్డ్ యారో ఊరి మిస్ ప్యాడ్‌మోర్ అని అక్కడి మేట్రన్ పోయే ముందు నాకు చెప్పింది. మా అమ్మ దండ నాకివ్వండి. తీసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ మీ ఊరు రాను."

వెనకనుంచి సన్నగా గుసగుసలు మొదలయ్యాయి. 'నేనెప్పుడో చెప్పాను' అన్న మాట ఏ మూలనుంచి వచ్చిందో గానీ, అందరి మొహాల్లోనూ ఉంది. పాస్టరుగారు ఎర్రబడిపోయి హెస్టర్ వైపు ఒకసారి, థెల్మా వైపు ఒకసారి చూసి, చివరికి వార్డెన్‌కి సైగ చేశాడు. కోబెట్ గోడకి ఆనించిన కొక్కెం కర్ర తీసుకున్నాడు.

'మిస్ ప్యాడ్‌మోర్' అన్న మాటకి కుర్రకారుకి ఏమీ అనిపించలేదు. ఈ రోజుల్లో పెళ్ళికాని ప్రతి ఆడమనిషీ మిస్సే, ఇంటిపేరు తగిలిస్తే సరిపోతుంది. పాస్టరుగారికీ అంతే. థెల్మాకీ అంతే. కానీ మిసెస్ స్ట్రడ్విక్ తల ఎత్తింది. ఆవిడ పెరిగిన రోజులు వేరు. ఆవిడ పెదాలు కదిలాయి, ఆ మాటని నాలుకమీద పెట్టుకుని మళ్ళీ రుచి చూస్తున్నట్టు. మిస్ ప్యాడ్‌మోర్. కోల్డ్ యారో ఊరి మిస్ ప్యాడ్‌మోర్. ఆవిడ కళ్ళు మెల్లగా తిరిగి హెస్టర్ మీద ఆగాయి.

అర్థమైపోయింది ఆవిడకి. అర్థమైందని హెస్టర్‌కీ తెలిసింది.

ఇక ఆవిడ లేచి అరుస్తుందని హెస్టర్ ఎదురుచూసింది. లేవలేదు. ఏవిస్ కథని ఇన్నేళ్ళూ టీ కప్పులతోపాటు వడ్డించింది ఆవిడే. టాబర్ కొడుకు తల్లికి మొదట చెప్పిందీ ఆవిడే. ఇప్పుడు లేస్తే ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో చూసుకోవాలి. మిసెస్ స్ట్రడ్విక్ తల దించుకుని, కీర్తనల పుస్తకం తెరిచి, అందులో ఏముందో చూడకుండా చూస్తూ కూర్చుంది.

అంటే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. హెస్టర్ ఊరికే కూర్చుంటే చాలు. దండ దిగుతుంది, థెల్మా దాన్ని పట్టుకుని లీడ్స్ వెళ్ళిపోతుంది, రేపు చర్చి తాళం మళ్ళీ హెస్టరే తీస్తుంది. వచ్చే వేసవిలో బస్సులు వస్తాయి. ఊరు జాలిపడుతుంది కూడా, పాపం మిస్ ప్యాడ్‌మోర్, చెల్లెలు ఎంత పని చేసింది అని.

కోబెట్ కర్ర పైకెత్తాడు. కొక్కెం చట్రానికి తగిలి కాగితం పువ్వొకటి ఊడి పడింది. పోయే ముందు వారం దాకా ఏవిస్ మంచంమీద కూర్చుని కత్తిరించిన పువ్వు అది. తన దండకి తనే కత్తిరించుకుంది, అక్కకి చేతకాదని.

"దించకు, కోబెట్" అంది హెస్టర్.

లేచి నిలబడింది. వెనక్కి, ఊరివాళ్ళ వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి చెప్పిందంతా నిజం. కానీ ఈమె బయటినుంచి వచ్చింది, ఈమెకి తెలీదు. మీకు తెలుసు. పెద్దవాళ్ళకి తెలుసు." ఆమె మిసెస్ స్ట్రడ్విక్ వైపు చూసింది. "మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలం. పాత పద్ధతిలో ఇంటిపేరుతో మిస్ అని పిలిచేది పెద్దకూతుర్నే. పెద్దది మిస్ ప్యాడ్‌మోర్. చిన్నది మిస్ ఏవిస్. చిన్నదాన్ని వట్టి మిస్ ప్యాడ్‌మోర్ అని ఎవరైనా ఎప్పుడైనా పిలిచారా? ఒక్కరు చెప్పండి."

ఎవరూ చెప్పలేదు.

"ఆ హోములో మా పేర్లు నేనే చెప్పాను. అలాగే చెప్పాను, మా నాన్న నేర్పినట్టు. అలవాటు కదా. పక్కన స్టూలు మీద కూర్చున్నది ఏవిస్. తను ఏ తప్పూ చెయ్యలేదు. ఊరంతా తనమీద వేసిన మాట తను మోసింది, నేను మోయనిచ్చాను. దండ పైకెక్కించండి." దండ వైపు చెయ్యి చూపించింది. "నాకు వద్దు, ఎప్పటికీ వద్దు. తనది తనకి ఇవ్వండి."

రెవరెండ్ ఎల్విన్ ఆ పూట తనకున్న తెలివినంతా వాడాడనే చెప్పాలి. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు. లేదు. కోబెట్ కర్రతో దండని ఎత్తాడు. కాగితపు చేతితొడుగులు ఊగుతూ పైకి, నల్లబడ్డ పాత దండల మధ్యకి వెళ్ళాయి. కొత్తది కదా, వాటి మధ్య తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించింది. హెస్టర్ దాన్నే చూసింది. మూడు వారాల్లో మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది. ఏవిస్ అడిగింది అయింది.

ఆమె తల దించేసరికి దండ వేలాడిన చోట ఎవరూ లేరు. థెల్మా తలుపు దగ్గర ఉంది. టోపీ పెట్టుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది, చెయ్యి తలుపు గడియమీద ఉంది.

"థెల్మా" అంది హెస్టర్. ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

థెల్మా వెనక్కి తిరిగింది. చర్చంతా వింటోందన్న లెక్క ఆమెకి లేదు.

"నిన్న నా పక్కన కూర్చున్నావు. నీ చెయ్యి నా చేతిలో ఉంది. నువ్వేనా అని దాదాపు అడిగాను కూడా. ఇక్కడ మనిద్దరం తప్ప ఎవరూ లేరు, అయినా చెప్పలేదు. ఇవాళ దానికి కర్ర తగలగానే లేచావు." ఆమె పైకి, దూలం వైపు, గడ్డం ఎత్తి చూపించింది. "ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతాను. ఇప్పుడు లేచింది నా కోసమా, ఆవిడ కోసమా?"

అన్ని తలలూ హెస్టర్ వైపు తిరిగాయి.

ఎవరేం అడిగినా ఇక్కడ నిలబడి జవాబు చెప్పడం ఆమెకి ఏళ్ళ తరబడి అలవాటు. ఈ ప్రశ్నకీ జవాబు తెలుసు. నిజం చెబితే ఆ తలుపు తెరుచుకుంటుంది, ఇక ఆ మొహం కనిపించదు. అబద్ధం చెబితే బహుశా ఉంటుంది. ఏవిస్ దండ కింద నిలబడి చెప్పాల్సిన అబద్ధం అది.

థెల్మా గడియ ఎత్తింది. వాన మోత లోపలికి వచ్చింది.

"ఆవిడ కోసమే" అంది హెస్టర్.